పాట ఆపి చూపించమన్న అత్త

కాదండీ, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. మొన్న విశాఖలో జరిగిన సమావేశంలోనూ అదే మాట. "ఏజెన్సీలో మూఢనమ్మకాలు ఎక్కువ. మానసిక జబ్బంటే దెయ్యం అనుకుంటారు. ముందు వాళ్ళకి అవగాహన కల్పించాలి" అని ఏసీ హాల్లో ఒకాయన చెప్తుంటే అందరూ తలలు ఊపారు. నేను లేచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, గొంతు కూడా చిన్నది కాదు. మైకు లాక్కున్నానని తర్వాత చెప్పుకున్నారట. లాక్కోలేదు, ఆయన ఇంకా పట్టుకుని ఉండగా తీసుకున్నాను. నేను అసలు విషయానికి వచ్చేసరికి టైమ్ అయిపోయిందని గంట కొట్టారు. అక్కడ తెగిపోయిన వాదన ఇక్కడ పూర్తి చేస్తున్నాను. ఇక్కడ గంట కొట్టేవాళ్ళు లేరు.

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు కదా రాయాలి, నీకేం జ్ఞాపకాలే అని మా నాన్న నవ్వాడు. మా తరం కౌన్సెలర్లకి కాంట్రాక్టు అయిపోవడమే పదవీ విరమణ. నాది అయిపోయింది. శాలువా కప్పలేదు గానీ ఐడీ కార్డు మాత్రం గుర్తుపెట్టుకుని మరీ వెనక్కి తీసుకున్నారు. సైకాలజీ చదివి, ఇలాంటి పోస్టుల్లో చేరి, రేపో మాపో ఘాట్‌రోడ్డు ఎక్కబోతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీ కోసం రాస్తున్నాను. రాస్తున్నాను అంటే ఫోన్‌లో టైప్ చేస్తున్నాను, ఎప్పట్లాగే.

నా పోస్టింగ్ అరకులోయలో. ఒక జీపు, దాన్ని నడిపే డ్రైవరు, రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన ఒక నర్సు, నేను. నర్సుని అందరూ సిస్టరు అనేవాళ్ళు. మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. జీపు ఎక్కగానే ప్రార్థన చేసేది, నేను ఎక్కగానే ఫోన్ ఛార్జింగ్ పెట్టేదాన్ని. "నీ దేవుడికి కరెంటు కావాల, నా దేవుడికి అక్కర్నేదు" అనేది. మేం కొండ ఊళ్ళు తిరగాలి, మనసు బాగోలేనివాళ్ళని గుర్తించాలి, నెలకోసారి విశాఖ నుంచి వచ్చే డాక్టరుగారికి చూపించాలి, మందులు మానకుండా చూడాలి. ఉద్యోగం అంతే. చెప్పుకోవడానికి రెండు వాక్యాలు, చెయ్యడానికి మోకాళ్ళు అరిగిపోతాయి.

బొర్రా మలుపు దాటాక, రోడ్డుకి కాస్త పైన ఉన్న ఒక ఊరికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చాలా సిద్ధపడి వెళ్ళాను. ఆ ఊళ్ళో ఒక బాలింతకి మతి చెడిందని ఆశా కార్యకర్త కబురు పెట్టింది. గొలుసులు ఉంటాయి, వేపమండలతో కొడుతుంటారు, గదిలో పెట్టి తాళం వేసి ఉంటారు, ఇవన్నీ ఊహించుకున్నాను. నా తలలో ఉన్న కొండ ఊరు సినిమాల్లో చూసిన కొండ ఊరే. గొడవ పడటానికి జీపులోనే చున్నీ నడుముకి బిగించాను.

ఇంటి అరుగు మీద ఆ అమ్మాయి అత్త చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కోడలు పక్కనే ఉంది. రెప్ప వెయ్యకుండా గాలిలోకి చూస్తూ పెదాలు కదుపుతోంది. ఒక పక్కింటామె ఆమె జుట్టు చిక్కు తీస్తోంది. ఇంకొకామె ఎదురుగా కూర్చుని సోలు, అంటే రాగులు, చెరుగుతోంది. గొలుసు లేదు. తాళం లేదు. అసలు ఎవరూ ఆమె చుట్టూ చేరి చూడటం లేదు, అందరూ ఆమెతోపాటు కూర్చుని వాళ్ళ వాళ్ళ పనులు చేసుకుంటున్నారు.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఏటమ్మా, ఆస్పత్రోలా? గాలి తగిలినాది దీనికి. పిల్ల పుట్టినాక తగిలినాది. నిద్దర నేదు. పిల్లని కాఫీ సెట్ల కింద ఒగ్గీసి ఎల్లిపోయింది ఓపాలి. అందుకే పిల్లని నానే సూత్తన్నాను. మీకాడ మందుంటే ఇయ్యండి, నేదంటే నీల్లు తాగి ఎల్లండి."

బిగించిన చున్నీ వదులు చేసుకున్నాను.

ఆ ఊళ్ళో పండగలకీ పనులకీ మంచి రోజులు చూసి చెప్పే పెద్దాయన్ని దిశారి అంటారు. అప్పటికే ఆయన ఆమె చేతికి దారం కట్టాడు. నేను మందుల గురించి చెప్పబోతుంటే ఆయనే అందుకున్నాడు. "నా దారం పని నాది, మీ మాత్ర పని మీది. రెండూ దాని మంచికే కదా" అన్నాడు. ఆ మాటకి సిస్టరు నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

ప్రసవం తర్వాత కొందరికి వచ్చే జబ్బు అది. నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. త్వరగా మందు పడితే బాగా తగ్గుతుంది. పడకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఆమెకి మందు పడింది. అత్త రోజూ మాత్ర నోట్లో వేసి, మింగిందో లేదో నాలుక ఎత్తించి చూసేది. వానలు వెనకబట్టి, కాఫీ పళ్ళు ఎర్రబడే వేళకి ఆ అమ్మాయి మాతో మాట్లాడటం మొదలుపెట్టింది. చలి ముదిరేసరికి జోకులు వేస్తోంది. "మేడమ్, నువ్వు ఎప్పుడూ ఆ ఫోనే సూత్తావు, నీక్కూడా ఎవులో కనపడతన్నారా?" అని అడిగి ఊరంతటినీ నవ్వించింది.

పిల్ల మాత్రం ఇంకా అత్త దగ్గరే. పాలు మరిచిపోయి, అత్త చేతి గంజికి అలవాటుపడింది. తల్లి చేతులు చాస్తే ముఖం తిప్పుకునేది. డాక్టరుగారు చూసి ఇక భయం లేదు, పిల్లని తల్లి దగ్గరే పడుకోబెట్టవచ్చు అన్నారు. అత్త ఆలోచించింది. "సైత్రంలో పండగ ఎల్లనీ. అప్పుడప్పగిత్తాను" అంది. ఆ అమ్మాయి మిగతా చలికాలమంతా ఆ ఒక్క మాట మీద బతికింది. పిల్లకోసం పాత చీరతో ఉయ్యాల కుట్టుకుంది.

అప్పుడు వచ్చింది ఆ వీడియో.

ఆమె జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లో, మేమింకా ఆ ఊరికి వెళ్ళకముందు, ఒకసారి రోడ్డు మీదికి వచ్చేసిందట. అదే సమయానికి అరకు చూడ్డానికి వచ్చిన ఒకతను కారు పక్కకి తీసి ఫోన్‌తో షూట్ చేశాడు. అతనికి ఒక ఛానెల్ ఉంది, ఊళ్ళు తిరిగి వీడియోలు పెడతాడు. ఎందుకో దాన్ని దాచిపెట్టి, ఇన్నాళ్ళకి వదిలాడు. జుట్టు విరబోసుకున్న అమ్మాయి రోడ్డు పక్క పొదల్లోకి వంగి లేస్తుంది. ఉన్నట్టుండి కెమెరా వైపు తిరుగుతుంది. ఆ చోట బొమ్మ ఆగిపోయి కళ్ళు ఎర్రగా మెరుస్తాయి. కళ్ళు అతనే ఎర్రగా చేశాడు. కింద గుండెలదిరే మ్యూజిక్. 'అరకు అడవిలో దెయ్యం పట్టిన పిచ్చిది' అని పేరు. ముఖం కనీసం మసక కూడా చెయ్యలేదు.

అది నాకు మొదట వచ్చింది మా కాలేజీ స్నేహితుల గ్రూపులో. సైకాలజీ చదివిన స్నేహితులే పంపారు, నవ్వే బొమ్మలతో. నేను ఎంత తిట్టానో ఇక్కడ రాయలేను. గ్రూపులోంచి వచ్చేశాను. తర్వాత ఆ వీడియో కింద కామెంట్లలో దిగాను. ఒక్కొక్కడికీ జవాబు. వాడు ఒకటంటే నేను నాలుగు. జీపులో, భోజనం దగ్గర, సిగ్నల్ దొరికే ప్రతి మలుపులో అదే యుద్ధం. ఓ రోజు డ్రైవరు అద్దంలోంచి నన్ను చూస్తూ మెల్లగా అన్నాడు. "మేడమ్, ఓ మాట. మీరు తిట్టినకొద్దీ అది పైపైకి ఒచ్చేత్తంది. నిన్నటేల మా అత్తోరింట్లో కూడా ఒచ్చీసింది." ఆ రోజుకి టైపింగ్ ఆపేశాను. వీడియో అప్పటికే ఎక్కాల్సినంత పైకి ఎక్కింది.

పైకి ఎక్కి ఎక్కి ఆ ఊరికే చేరింది. సంతకి వెళ్ళిన కుర్రాళ్ళు ఫోన్‌లో తెచ్చారు. మేం వెళ్ళేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. పిల్ల చంకలో ఉంది. కోడలు పెరటి వైపు ఒక్కతే కూర్చుని ఉంది. జుట్టు చిక్కు తీసే పక్కింటామె లేదు. సోలు చెరిగే ఆమె కూడా లేదు.

"పిల్లని ఇయ్యను" అంది అత్త.

నేను డాక్టరుగారి మాట గుర్తుచేశాను. జబ్బు గురించి మొదట్నుంచీ మళ్ళీ చెప్పాను. ఆమె విసుగ్గా చెయ్యి ఊపింది.

"తెల్సు మేడమ్. నాకు సెప్పకు. ఆ దినం దీని ఎనకాల రోడ్డు దాకా పరిగెట్టినది నానే. అప్పుడు నాకు బయ్యమెయ్యనేదు. ఇప్పుడా పాటతో సూసినాక బయ్యమేత్తంది. సగం సూసి మొకం తిప్పీసినాను. కన్ను మూత్తే ఆ పాటే ఇనపడతంది."

తమ్ముళ్ళూ, ఈ మాట మీద ఒక్క నిమిషం ఆగండి. జబ్బుని కళ్ళారా చూసిన మనిషి, చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చుకున్న మనిషి భయపడలేదు. దాన్నే ఫోన్‌లో మ్యూజిక్‌తో చూసి భయపడింది. నేను ఆ కొండ మీద వెతుక్కుంటూ వెళ్ళిన భయం అక్కడ లేదు. మనమే పంపించాం, టవర్ వేసి మరీ.

కోడలు ఆ వీడియో చూడలేదు. అందరూ ఆమె కంటపడకుండా దాచారు. దాని పేరు మాత్రం చెవిన పడింది. "మాత్రలేసుకుంటే ఎర్రిదాన్ననే కదా మేడమ్. ఎర్రిదానికి పిల్లనెవులిత్తారు? మానేత్తాను" అంది. తర్వాతిసారి మేం ఇచ్చే మందులు తీసుకోవడానికి రాలేదు. మానేస్తే జబ్బు తిరగబడుతుందనీ, తిరగబడితే మళ్ళీ పిల్లని ఇవ్వమని అడిగే ధైర్యం మాకు కూడా ఉండదనీ సిస్టరుకి తెలుసు. ఆ సాయంత్రం ఆమె ప్రార్థన చాలాసేపు సాగింది. నేను ఫోన్ ముట్టుకోలేదు.

ఇటుకల పండగ వచ్చింది. చైత్రంలో ఆ కొండల్లో జరిగే పండగ. మగవాళ్ళు వేటకని అడవిలోకి పోతారు. ఇప్పుడు వేట పేరుకే, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కొట్టి వెక్కిరిస్తారు. మగవాళ్ళు లేని ఆ రోజుల్లో రోడ్డు ఆడవాళ్ళది. అడ్డంగా పొడుగాటి వెదురు గడ పెట్టి వచ్చే పోయే బళ్ళన్నీ ఆపుతారు. ఏదో ఒకటి ఇచ్చుకోవాలి, లేదా దిగి వాళ్ళతో చిందెయ్యాలి. కలెక్టరైనా సరే, గడ లేచేదాకా ఆగాల్సిందే.

ఆ అమ్మాయికి మందులు ఇంట్లోనే ఇచ్చి ఎలాగైనా ఒప్పిద్దామని బయల్దేరిన మా జీపుని కూడా ఆపేశారు. సిస్టరు దిగి నాలుగడుగులు వేసి మా బాకీ తీర్చింది. అప్పుడు చూశాను, గడకి ఒక కొసన ఆ అమ్మాయి ఉంది. ఈడువాళ్ళు ఇంట్లోంచి లాక్కొచ్చారట. కొప్పులో పూలు, ముఖానికి పసుపు, ముక్కుకి అటూ ఇటూ ముక్కెరలు. గడకి రెండో కొసన అత్త ఉంది, చంకలో పిల్లతో. వాళ్ళిద్దరి మధ్య రోడ్డంత దూరం ఉంది. కోడలు ఎదర బళ్ళని చూడటం లేదు. పిల్లనే చూస్తోంది.

మా వెనకే ఒక కారు వచ్చి ఆగింది. నడుపుతున్నతను అద్దాలు దించాడు. సెల్ఫీ స్టిక్‌కి ఫోన్ బిగించి ఉంది. నేను గుర్తుపట్టాను. కామెంట్ల యుద్ధంలో అతని ముఖం వందసార్లు చూసి ఉంటాను. రెండో భాగం తీస్తానని రెండ్రోజుల ముందే ప్రకటించాడు.

నేను దూకబోయాను. సిస్టరు నా చున్నీ కొస పట్టుకుంది. "ఆగు. ఆమె నీ పేషెంటని నీ నోటితోనే సెప్పేత్తావు" అంది. నిజమే. కౌన్సెలర్‌గా నేను నోరు తెరవకూడని చోటు అది. అంత కోపంతో నోరు మూసుకుని నిలబడటం నాకు అదే మొదలు.

అతను దిగి ఎవరిని అడిగాడో తెలుసా? ఆ అమ్మాయినే. గుర్తుపట్టలేదు. అతను వెతుకుతున్నది ఎర్రకళ్ళ దాన్ని.

"అక్కా, ఈ చుట్టుపక్కల ఒక దెయ్యం పట్టిన అమ్మాయి ఉంటుందంట కదా. ఇల్లు చూపిస్తారా?"

ఆడవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. ఆమె గడ వదల్లేదు.

"ఉంటాది. ఏటి పని?"

"ఇంటర్వ్యూ చెయ్యాలి. మాట్లాడుతుందా అసలు?"

"మాటాడతంది కదా మరి."

అతను ఇల్లు ఎటు అన్నట్టు పైకి చూశాడు. ఆమె పక్కనున్న వదిన వరసామెకి నవ్వాగలేదు. అతను నవ్వుతున్నామెని చూశాడు, మళ్ళీ గడ పట్టుకున్న ఈమెని చూశాడు. అర్థమయ్యాక అతని ముఖంలోంచి రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. సెల్ఫీ స్టిక్ కిందికి వాలింది.

"ఏటి తీసినావో నాకు సూపించు" అంది ఆమె. "ఊరందరూ సూసినారు. నాను సూణ్నేదు."

అప్పుడు మాత్రం నేను ఆగలేదు. ముందుకెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. వద్దు, ఇప్పుడు వద్దు అన్నాను. జబ్బులో ఉన్న తనని తనే అలా చూస్తే ఏమవుతుందోనని నా భయం. ఆమె నా చెయ్యి మెత్తగా విడిపించుకుంది.

"నువ్వుండు మేడమ్. నా మొకమే కదా, నాను సూడొద్దా?"

అతను ఫోన్ తీశాడు. వీడియో పెట్టగానే ఆ మ్యూజిక్ మొదలైంది. రోడ్డుకి అటు కొసన ఉన్న అత్త ఉలిక్కిపడింది. అక్కణ్నుంచే కేక వేసింది.

"పాట ఆపు బావూ. పాట ఆపి సూపించు."

అతను సౌండ్ తీసేశాడు. అత్త పిల్లతో సహా రోడ్డు దాటుకుని వచ్చింది. ఎండలో ఫోన్ కనపడకపోతే ఆడవాళ్ళు నలుగురు పైటలు పట్టి నీడ చేశారు. ఆ నీడలోకి అందరి తలలూ చేరాయి, నాదీ, సిస్టరుదీ కూడా.

పాట లేకుండా అది వేరే వీడియో. నేను ఎన్నిసార్లో చూసిన వీడియోనే, కానీ ఆ రోజే మొదటిసారి చూశాను. అందులో ఒక అమ్మాయి పొదలు పక్కకి తోసి తోసి దేనికోసమో వెతుకుతోంది. అంతే. వెతికి వెతికి, కారు చప్పుడుకి తిరిగి చూసింది. సాయం అడిగే చూపు అది.

"ఏటి ఎతుకుతన్నాను?" అని ఆమె ఎవరినీ కాకుండా అడిగింది.

అత్త ఫోన్ మీదికి వంగి ఏదో చూస్తోంది. వీడియో అయిపోయే చోట, ఒక మూల, ఆకుపచ్చ గుడ్డ అంచు ఇంత కనిపించి తెగిపోయింది.

"అది నా పైగుడ్డే" అంది. "నానొచ్చినాను కదా. నానేదీ ఇందులో?"

అతను నసిగాడు. "అంటే అమ్మా, లెంగ్త్ ఎక్కువైపోతుందని..."

"నన్నెందుకు కోసీసినావు?"

వెనక బళ్ళు ఆగి హారన్లు కొడుతున్నాయి. గడ లేవలేదు.

"మిగతాది సూపించు" అంది కోడలు. "తర్వాతేటైందో నాకు తెల్దు. నాకా దినం గుర్తు నేదు."

కారు వెనక సీట్లోంచి ల్యాప్‌టాప్ తెచ్చి బానెట్ మీద పెట్టాడు. ఏమీ కొయ్యని మొత్తం వీడియో అందులో ఉంది. మళ్ళీ పైటల నీడ పడింది. ఈసారి సౌండ్ ఉంది. మ్యూజిక్ కలపకముందు ఉన్న అసలు సౌండ్, గాలీ, దూరంగా రైలు కూతా, ఆ అమ్మాయి గొంతూ.

ఆమె పిల్లని పిలుస్తోంది. పిల్ల పేరు పెట్టి పిలుస్తోంది. పొద తొయ్యడం, పిలవడం. పొద తొయ్యడం, పిలవడం. ఇన్నాళ్ళూ ఆ పిలుపు మీద అతను మ్యూజిక్ పోశాడు, దాన్ని లోకమంతా విని జడుసుకుంది.

అత్త చంకలోని పిల్ల తన పేరు విని ల్యాప్‌టాప్ వైపు తల తిప్పింది. తర్వాత, ఆ గొంతు ఎవరిదో పోల్చుకున్నట్టు, తల్లి వైపు తిరిగింది.

"కాఫీ సెట్ల కింద ఒగ్గీసినావని అప్పుడు నీకు గేపకముంది" అంది అత్త, కోడలి వైపు చూడకుండా. "నానెత్తుకొచ్చీసినానని గేపకం నేదు. పిల్ల నా ఇంట్లో ఉంటే నువ్వు రోడ్డంతా ఎతికినావు."

తెర మీదికి అత్త పరిగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. వస్తూనే తన భుజం మీది ఆకుపచ్చ గుడ్డ లాగి కోడలికి కప్పింది. ఆమె విదిలించుకుంది, కొట్టింది కూడా. అత్త దెబ్బ తిని మళ్ళీ కప్పింది. రోడ్డు మధ్యే నిలబడి ఆ జుట్టుని వేళ్ళతో దువ్వి ముడి వేసింది. చెవిలో ఏదో చెప్పింది. ఆ అమ్మాయి మెత్తబడి ఆమె భుజానికి ఆనుకుంది. ఇద్దరూ కొండ దారిన పైకి వెళ్ళిపోయారు. వీడియోలో ఒక మగ గొంతు, "ఛ, ముసలావిడ ఫ్రేములోకి వచ్చేసింది, ఇది కట్ చేద్దాంలే" అంది.

అత్త తెర మీంచి తల ఎత్తింది.

"ముసల్దా?" అంది. "నానా?"

అందరూ ఒక్కసారి నవ్వారు, కళ్ళ నీళ్ళతోనే. అతను కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

అత్తకి అది మళ్ళీ చూడాలనిపించింది. తనని తాను అంత దూరం నుంచి ఎప్పుడూ చూసుకోలేదు కదా. తెరని దగ్గరికి లాక్కోవడానికి రెండు చేతులూ కావాలి. "పట్టు" అని పిల్లని పక్కనున్న మనిషి చేతుల్లో పెట్టేసింది. పక్కనున్నది కోడలు.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముక్కెర పట్టుకుని లాగింది. అత్త వీడియో మొదట్నుంచీ చూసింది, మళ్ళీ చూసింది, ల్యాప్‌టాప్ మూయించింది. పిల్ల కోసం చెయ్యి చాపలేదు. గడ దగ్గరికి వెళ్ళి తన కొసన నిలబడింది. అంతే. ఆ అప్పగింతకి దిశారి రోజు చూడలేదు, నేను ఫైల్లో ఏ తేదీకి రాసుకున్న ప్లానూ పనిచెయ్యలేదు. సిస్టరు వైపు చూస్తే ఆమె అప్పటికే కళ్ళు మూసుకుని ఉంది.

అతను వీడియో తీసేస్తానన్నాడు. డబ్బు తీసి ఇవ్వబోయాడు. వదిన వరసామె ఆ చేతిని పక్కకి తోసింది. "అదొద్దు. చిందెయ్యి అల్లుడా. గడ ఊరికే నేవదు."

వేశాడు. తారు రోడ్డు మీద, ఆడవాళ్ళ మధ్య, ఏడుపు ముఖంతో, ఒక కాలు ఒకలా ఇంకో కాలు ఇంకోలా. ఒంటె తడబడినట్టుంది. హారన్లు కొట్టేవాళ్ళు కూడా దిగొచ్చి నవ్వుతున్నారు. నా చెయ్యి ఆగుతుందా? ఫోన్ తీశాను. దీన్ని ఏ మ్యూజిక్‌తో పెట్టాలో, ఏ పేరు పెట్టాలో క్షణంలో తలలో తయారైపోయింది. కళ్ళు కూడా ఎర్రగా చేద్దామనుకున్నాను.

ఒక చెయ్యి వచ్చి కెమెరాకి అడ్డంగా నిలిచింది. పిల్లని ఎత్తుకుని ఆ అమ్మాయి నా పక్కకి వచ్చింది.

"తియ్యకు మేడమ్. ఆడికీ అమ్మ ఉంటాది. సూసిందంటే ఏడుత్తాది."

నేను ఫోన్ బ్యాగులో పెట్టాను. ఏడేళ్ళ చదువులో, ఎన్నో శిక్షణల్లో, ఇంత పెద్ద మాట నాకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమె మా దగ్గరికి వచ్చి మందులు తీసుకుంది. నాలుక ఎత్తి చూపించమని అత్త అడగలేదు. తనే ఎత్తి చూపించింది, నన్ను వెక్కిరించడానికి.

అతను మాట మీద నిలబడ్డాడు, వీడియో తీసేశాడు. కానీ అప్పటికే ఎవరెవరో కాపీ చేసుకున్నారు. అవి ఇంకా తిరుగుతున్నాయి, కొత్త కొత్త మ్యూజిక్‌లతో. నిన్న కూడా ఒకటి నా ఫోన్‌కి వచ్చింది. దాని కింద నవ్వినవాళ్ళ పేర్లన్నీ చదివాను. కొండ మీదివాళ్ళ పేరు ఒక్కటి లేదు. టీచర్లున్నారు, ఇంజనీర్లున్నారు, నర్సింగ్ చదివే పిల్లలున్నారు, అందరూ మన కింది ఊళ్ళవాళ్ళే. జబ్బు మనిషిని రోడ్డు మీద చూసి ఒకరు కారాపి ఫోన్ తీశారు. ఇంకొకరు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, దెబ్బలు తిని, కప్పుకున్న గుడ్డ తీసి కప్పారు. ఆ రెండో మనిషికి నేను అవగాహన కల్పించాలంటున్నారు, ఆ ఏసీ హాల్లో తలలూపిన మీరు. ఎదురుగా కూర్చుని, నా కళ్ళలోకి చూసి, ఆ మాట ఇంకోసారి అనగలరా?